జాకెట్లు కుట్టబడును

నా భార్య తార్నాకలో టైలరింగ్ షాపు పెట్టుకున్నప్పుడు, షాపు ముందు ఎండ పడకుండా కట్టే కాన్వాస్ షేడ్ మీద అక్షరాలు రాయమని నన్ను అడగలేదు. నా సీనియర్‌ను అడిగింది. ఆ సంగతి కూడా అన్నం వడ్డిస్తూ మామూలు మాటలాగా చెప్పింది.

"అన్నకు ఫోన్ చేసిన. ఆదివారం వచ్చి రాస్తా అన్నడు."

"ఏం, నేను లేనా?"

"నీకు టైం యాడున్నది? ఆదివారం గూడ క్లాసులే గద."

నిజమే. కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ రాసే పిల్లలకు తెలుగు చెప్తాను, ఆదివారాలు కూడా. కానీ టైం ఉంటే నీతోనే రాయించుకునేదాన్ని అని ఆమె అనలేదు. ఆ అనని మాటనే ఆ పూటంతా తలచుకుంటూ ఉన్నాను.

సీనియర్‌ది కడప వైపు, నాది నల్లగొండ వైపు పల్లె. యూనివర్సిటీ హాస్టల్లో మాది ఒకే గది. సభలకూ ధర్నాలకూ బ్యానర్లు మేమిద్దరమే రాసేవాళ్లం. కారిడార్‌లో తెల్లగుడ్డ పరిస్తే ఆయన గీత గీసేవాడు, నేను లోపల రంగు నింపేవాణ్ని. నేనూ గీసేవాణ్ని గానీ, నా అక్షరాలకు వంక పెట్టడానికి లేకపోయినా ఎవరూ ఆగి చూసేవాళ్లు కాదు. ఆయనవి చూసి జనం నిలబడేవాళ్లు. మా కాలేజీలోనే చదువుతున్న నా భార్య నాతో మొట్టమొదట మాట్లాడిన మాట, "ఈ బ్యానర్ ఎవరు రాసిన్రు?" నేను ఆయన్ని చూపించాను. పెళ్లి నన్నే చేసుకుంది. అయినా ఆ రోజు ఆయన వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు.

ఇప్పుడాయన అదే యూనివర్సిటీలో ఒక ఆఫీసులో పని చేస్తాడు, ఉండేది విద్యానగర్‌లో. ఆదివారం నేను క్లాసులు ముగించుకొని ఒంటిగంటకు వచ్చేసరికి మేడ మీద గుడ్డ పరిచి గీతలు గీసి, ఇంటికి చుట్టాలొచ్చారని వెళ్లిపోయాడట. సాయంత్రం వచ్చి రంగు వేస్తాడని చెప్పింది నా భార్య. కింద షాపులో సర్దుకునే పని ఉండి ఆమె ఇంకా మేడ మీదికి పోలేదు.

నేనొక్కణ్నే ఎక్కాను. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ముదురాకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. దాని మీద చాక్‌పీస్‌తో "జాకెట్లు కుట్టబడును". అక్షరాలు సన్నగా, సాగదీసినట్టు పొడుగ్గా ఉన్నాయి. పైగా అన్నీ పై అంచు వైపు జరిగిపోయి, కింద జానెడు ఖాళీ. ఈయన చేతి పనితనం పోయింది అనుకున్నాను. అనుకోగానే ఎంత సంతోషం కలిగిందంటే, మండే ఎండలో ఉత్త కాళ్లతో నిలబడ్డ సంగతి కాసేపు తెలియలేదు.

ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. తడిగుడ్డతో గీతలన్నీ తుడిచేశాను. గుడ్డకు సరిగ్గా మధ్యలో, గుండ్రంగా, కింది ఖాళీలోకి ఒత్తులు దిగేంత నిండుగా నా అక్షరాలు గీశాను. రెండు పూతలు తెల్లరంగు వేసి ఆయనకు ఫోన్ చేశాను.

"అన్నా, నువ్వు రానక్కర లేదు. నీ గీతల మీదనే రంగేసిన."

"ఏసినావా? మంచి పని చేసినావ్ అబ్బీ. చుట్టాలు కదలనిచ్చేట్టు లేరు."

నా భార్యకూ అదే మాట చెప్పాను. పొద్దు వాలాక ఆమె మేడెక్కి చూసింది. చాలాసేపు చూసింది. "ఏమన్న అను, అన్న చెయ్యి అన్న చెయ్యే" అంది. ఇన్నేళ్లకు నా అక్షరాలను ఆమె మెచ్చుకుంటే, ఆ మెప్పు కూడా ఆయనకే పోయింది. నావని చెప్పడానికి నోరు రాలేదు.

షాపు తెరిచే రోజు పొద్దున మనిషి వచ్చి గుడ్డను ఇనప పైపుల చట్రానికి బిగించాడు. మేడ మీద నిండుగా కనబడ్డ అక్షరాలు, ఏటవాలుగా కట్టాక రోడ్డు మీంచి చూస్తే ఎవరో నెత్తిన మొత్తినట్టు పొట్టిగా అణిగిపోయాయి. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి. గుడ్డ కింది భాగం ముందరి పైపు చుట్టూ మడతపడి లోపలికి పోయింది. దాంతోపాటు ఒత్తులూ పోయాయి. హాస్టల్ వైపు పోతున్న ఇద్దరమ్మాయిలు ఆగారు. ఒకామె పైకి చదివింది, "జాకెటు కుటబడును". రెండో ఆమె పకపకా నవ్వింది.

అప్పుడే సీనియర్ స్వీట్ల డబ్బాతో ఆటో దిగాడు.

"ఏందన్నా, ఇట్లయింది?" అంది నా భార్య.

ఆయన తలెత్తి చూశాడు. తర్వాత ఒక్కసారి నా వైపు చూశాడు.

"పైపుకు మడత పోతుందని మరిసిపోతి అమ్మా. తప్పు నాదే. ఇంకో గుడ్డ తెచ్చుకుందాం."

నేను మాట్లాడాల్సిన చోటు అది. మాట్లాడలేదు. సిగ్గుపడలేదు సరికదా, ఈ మంచితనం కూడా ఆయనకే ఉండాలా అని కుళ్లుకున్నాను. "పోనీలే అన్నా" అంటూ నా భార్య మొదటి చాయ్ ఆయనకే ఇచ్చింది.

రెండు రోజులు ఆ షేడ్ అలాగే ఉంది. ఎవరైనా నవ్వుకుంటూ పోయినప్పుడల్లా, "అన్నకు చూపు ఆనుతలేదేమో, పాపం" అనేది ఆమె. ఆయన పనితనం పోయిందని ఆమె అనుకోవాలన్నదే గదా నా కోరిక. తీరా ఆమె అంటుంటే వినలేకపోయాను. మూడో రోజు ఆమె మిషన్ తొక్కుతుండగా చెప్పేశాను. మిషన్ ఆగింది.

"తుడిచినవా? ఆయన గీసింది తుడిచినవా?"

"ఊ."

"నాకు చెప్పుడు గాదు. పోయి అన్నకు చెప్పు. చెప్పొచ్చినంకనే నాతోని మాట్లాడు."

క్యాంపస్‌కు నడిచే పోయాను. ఆయన ఆఫీసు మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"తెలుసులే" అన్నాడు. "కకారానికి కొమ్ము నువ్వెట్లా తిప్పుతావో నాకు తెలియదా? ఎందుకు తుడిచినావ్ మరి?"

"కుళ్లు, అన్నా."

ఆయన నవ్వలేదు. కోపంగానే అన్నాడు, "వాలు గుడ్డ మీద పొడుగ్గా రాయాల, కింద జానెడు ఇడవాల. అడిగింటే చెప్పేవాణ్ని గదా. నన్ను ఒక్క మాట అడిగేకి నీకంత బరువైందా?"

ఆయన సగం చపాతీ తుంచి నా చేతిలో పెట్టాడు. అప్పుడు కూడా నా ముఖం చూడలేదు.

తరువాతి ఆదివారం క్లాసు మానేశాను. కొత్త గుడ్డ మీద ఆయన గీశాడు. పైపు ఎక్కడ వస్తుందో అక్కడ ముందే ఒక గీత గీసి, దాని కిందికి ఏదీ దిగకుండా చూసుకున్నాడు. షేడ్ కట్టాక ముగ్గురం రోడ్డు దాటి అవతలికి వెళ్లి చూశాం. ఒత్తులతో సహా ప్రతి అక్షరం తేటగా, సమంగా కనబడింది.

"బాగున్నయి అన్నా" అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంత సమయం పట్టింది.

ఇప్పుడు మెట్రో దిగి ఇంటికి వచ్చేటప్పుడు నేను అవతలి ఫుట్‌పాత్ మీదే నడుస్తాను. అక్కణ్నించే ఆ అక్షరాలు బాగా కనబడతాయి. చూసిన ప్రతిసారీ లోపల కాస్త మండుతుంది. అయినా ఆగి చూడకుండా పోలేను.