చెలిమెలో మొదటి చెంబు

ఆ ఏడు ఎండాకాలంలో మా వాగు పారింది.

వాన పడలేదు. ఎగువన చెరువు తూము ఎవరూ తెరవలేదు. ఉగాది దాటితే మా వాగులో ఇసుక తప్ప మరేమీ కనబడదు. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన వాగు అదే. అలాంటిది ఒక తెల్లవారుజామున బావి దగ్గర వేపపుల్ల నములుతూ నిలబడి ఉంటే గట్టు అవతల నీళ్ల చప్పుడు వినిపించింది. కాసేపు ఇంకా నిద్రలోనే ఉన్నాననుకున్నాను. గట్టెక్కి చూశాను. వాగు నడుమ ఒక పాయ, నీళ్లు ఎక్కువ కలిసిన పాలలాగా, నురగ లేకుండా, తొందర లేకుండా పోతోంది. పొద్దు ఇంకా పొడవలేదు. దుండిగల్ వైపు నుంచి వచ్చిన శిక్షణ విమానం ఒకటి ఎక్కడో పైన తుమ్మెదలా మూలుగుతూ తిరుగుతోంది. ఆ మసక వెలుగులో తెల్లని నీళ్ల మీద సన్నని నీలం పరుచుకుంది. అంత అందమైన నీళ్లు మా వాగులో నేను ఎన్నడూ చూడలేదు. పుల్ల పారేసి అలాగే కూర్చుండిపోయాను.

ఆ నీళ్లు క్వారీవి. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే వైపు, మా పొలానికి ఎగువన ఒక గుట్ట ఉండేది. రాయి కొట్టీ కొట్టీ ఇప్పుడక్కడ గుట్టకు బదులు గుంత ఉంది. లోతుకు పోయేసరికి నాలుగు పక్కల నుంచి ఊట దిగింది. ఊట నిండితే రాయి కొట్టడం కుదరదు కాబట్టి మోటార్లు పెట్టి తోడి వాగులోకి వదిలారు. పక్కనే కంకర మిషను. రాయిని నలగ్గొట్టి రోబో ఇసుక చేసి, ఆ ఇసుక కడిగిన నీళ్లు కూడా అందులోనే కలిపారు. నేను కూర్చుని మురిసిపోయిన ఆ తెలుపు రాయిపిండిది.

ఒకప్పుడు ఆ వాగుకు రెండు గట్లూ మావే. తాత కాలంలో సగం, నాయిన కాలంలో తక్కినది చేయి దాటిపోయింది. కొంత సీలింగు చట్టం తీసుకుంది, కొంత మేమే అమ్ముకున్నాం, కొంత వెంచర్ల వాళ్లు పాతిన రంగు రాళ్ల కింద ఉంది. నాకు మిగిలింది వాగు పక్కన రెండెకరాలు, రాతి మెట్ల బావి, కొన్ని మామిడి చెట్లు, ఎవరి గడప ముందూ అడిగేవాడిగా నిలబడకూడదన్న అలవాటు. ఆ అలవాటును నేను తక్కువ చేసి చెప్పను. చేతిలో ఏమీ లేనప్పుడు మనిషి నడుమును నిలబెట్టేవి అలాంటివే. బావిలో నీళ్లున్నంత కాలం ఆ రెండెకరాలు పొలం. బావి ఎండితే అవీ ప్లాట్లే. ఆ మాట చెప్పడానికి వెంచరు మనిషి ఒకడు అప్పటికే కారు ఆపి రెండు మూడు సార్లు నా గట్టు మీద నిలబడి వెళ్లాడు.

నీళ్లంటే నాకు ముందుగా అవ్వ గుర్తొస్తుంది. ఎండలు ముదిరాక వాగు ఇసుకలో మోకాలి లోతు గుంట తీస్తే కిందనుంచి నీళ్లు ఊరుతాయి. దాన్ని చెలిమె అంటాం. ప్రతి ఎండాకాలం ఊరి ఆడవాళ్లు తొలి చెలిమె తీసిన రోజున అందులో ఊరిన మొదటి చెంబు మా ఇంటికి వచ్చేది. అది మా ఇంటికున్న మర్యాద. తెచ్చేది మా పాలికాపు భార్య. నెత్తి మీది చెంబు దించకుండా వాకిట్లో నిలబడి "పెద్దమ్మా, తొలి నీళ్లు" అని పిలిచేది. ఎవరు పిలిచినా లేవని మా అవ్వ ఆ పిలుపుకు మాత్రం తనే లేచి వెళ్లి రెండు చేతులతో అందుకునేది. తర్వాత మట్టికుండ లోపలి వైపు చిల్లగింజ అరగదీసి, ఆ నీళ్లు పోసి, గుడ్డ కప్పి, తేరేదాకా ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. గొప్పిళ్లలో నీళ్లు తాగే పద్ధతి అదేననుకునేవాణ్ణి. మధ్యాహ్నం గుడ్డ తీస్తే కుండలో పైకప్పు దూలాలు కదలకుండా కనిపించేవి. అందులోకి తొంగి చూస్తూ, కింద కూడా మా ఇల్లే ఒకటి ఉందనీ, అక్కడి అవ్వ నన్ను చూస్తోందనీ ఊహించుకునేవాణ్ణి.

వాగు పారడం మొదలయ్యాక కొన్నాళ్లకు బావిలో మెట్లు ఒకటొకటిగా బయటపడసాగాయి. గట్టుకు అవతల నీళ్లు పారుతున్నాయి, ఇవతల నీళ్లు దిగుతున్నాయి. ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. ఒకరోజు చెప్పులు విడిచి వాగులోకి దిగాను. పాదం ఇసుకలోకి కుంగలేదు. నీళ్ల కింద వాగంతా గచ్చు చేసినట్టు గట్టిగా, నున్నగా ఉంది. రాయిపిండి పేరుకుని ఇసుక కళ్లు మూసేసింది. పైన పారే చుక్క కిందికి దిగడం లేదు.

దిగువన ఎకరంలో ఆకుకూరలు పెట్టి మేడ్చల్‌కు ఆటోలో తీసుకుపోయి అమ్మే ఆమె ఒకతె ఉంది. మా ఇంటికి తొలి నీళ్లు తెచ్చినామె కూతురు. ఆ ఎకరమూ ఒకప్పుడు మాదే. నేను వెళ్లేసరికి మోటారు పెట్టి వాగు నీళ్లు పాలకూర మడికి పారిస్తోంది. బర్రెల కాపరి గట్టు మీద బీడీ వెలిగిస్తున్నాడు.

"గీ నీళ్లు మడికి పెట్టకమ్మా," అన్నాను.

ఆమె నడుము ఎత్తకుండానే నవ్వింది. "ఎందుకు పటేలా? ఇసం కలిసిందా?"

"ఇసం కాదు, రాయిపిండి. వాగు గట్టిపడుతాంది. నా బాయి అడుగంటుతాంది."

"నీ బాయి అడుగంటితె మా నీళ్లు బందు వెట్టాల్నా? మీ తాత సుత గిట్లనే అన్నడట. మా తాత మడి నిలువునా ఎండవెట్టిండు. ఇగ నువ్వొచ్చినవ్."

మా తాత కాలువకు అడ్డు వేయించిన మాట నిజమే. ఆ మాట మా ఇంట్లో వేరే విధంగా చెప్పేవారు.

కాపరి పొగ వదిలి, "ఎండల కాలంల నా బర్లు నీళ్లల్ల పండుకున్నయి పటేలా. మస్తు సల్లగున్నయి. నువ్వెందుకు పరేషానైతున్నవ్?" అన్నాడు.

"నీ బర్లు తెల్లగైతున్నయి, సూసుకో."

"మంచిదే గదా. ఆవులని జెప్పి అమ్ముత."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేశాను. క్వారీ వాళ్ల దగ్గరకు వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. తప్పు చేసినవాళ్లే రావాలి. వాళ్ల జీపు రోజూ మా గట్టు పక్కనుంచే పోయేది, ఆగేది కాదు.

ఎండలు బాగా ముదిరిన రోజుల్లో పెద్ద రోడ్డు పనుల్లో పైపు పగిలి మాకు నల్లా నీళ్లు రావడం ఆగిపోయింది. అప్పుడు ఒక ఉదయం ఆమె బిందె, చెంబు, చిన్న పార పట్టుకుని మా గట్టు కిందికి వచ్చింది. పారే నీళ్లు మడికి పనికొచ్చాయి కానీ నోట్లో పోసుకునేవి కావు. మంచి చెలిమె ఊరేది ఎప్పుడూ ఆ చోటే.

"ఏంది పటేలా, కావలున్నవా?" అంటూ పాయకు మూరెడు దూరంలో పార దింపింది. పార ఖంగుమంది. మళ్లీ దింపింది. తెల్లని పెంకు ఒకటి రొట్టెలా విరిగి పైకి లేచింది. దాని కింద ఇసుక, వేయించినట్టు పొడి పొడిగా ఉంది. ఆమె మోచేయి లోతు తీసింది. తడి లేదు. పక్కనుంచి నీళ్లు మెరుస్తూ, చప్పుడు చేస్తూ పోతున్నాయి. ఆ గుంటలోకి చుక్క రావడం లేదు. ఆమె చెంబు ఒళ్లో పెట్టుకుని మడమల మీద కూర్చుంది.

మా ఇంట్లో ఎవరూ చెలిమె తీసి ఎరగరు. నేను పంచె ఎగగట్టి దిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఆమె పక్కన చేతులతో తవ్వాను. ఎందుకు తవ్వానో చెప్పలేను. ఆ తెల్లని పొద్దుటి వెలుగులో, ఆ నీళ్ల చప్పుడులో, ఇంకొంచెం లోతుకు పోతే అవ్వ కుండ తగులుతుందేమో అన్నట్టుగా తవ్వాను. గోళ్లలో పిండి నిండింది. ఇసుక పొడిగానే ఉంది.

"నీ బాయి సూపియ్యి," అంది ఆమె.

బావిలోకి చాలాసేపు వంగి చూసింది. "రేపు కంకర మిషను కాడికి వోదాం. నువ్వు సుత రావాలె."

"నేనొచ్చి ఏం జేస్త?"

"మేం వోతె గేటు కాన్నే నిలవెడ్తరు. నువ్వు ఊకె కుర్సీల కూసో. మీ ఇంటోళ్లకు కూసునుడు మంచిగొచ్చు."

మర్నాడు వెళ్లాం. నేను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాను. వెనక ఆకుకూరల ఆడవాళ్లు కొందరు, అందరికంటే వెనక బర్రెల కాపరి. మేనేజరు మర్యాద తెలిసినవాడు. నన్ను చూడగానే కుర్చీ తెప్పించాడు, ఒక్కటే. నేను తటపటాయించాను. "కూసో పటేలా, నువ్వు కూసుంటెనే సారు మా దిక్కు సూస్తడు," అని వెనకనుంచి వినబడింది. కూర్చున్నాను. నడుము కుర్చీకి ఆనించకుండా కూర్చోవడం నాకు చిన్నప్పుడే నేర్పారు.

ఆమె కొంగులోంచి తెల్ల పెంకు తీసి బల్ల మీద పెట్టింది. "గిది మా వాగు మీద పరిసిన్రు సారూ. మా ఇసుక ఊపిరాడక సచ్చిపోతాంది."

"నీళ్లు తోడకపోతే మా పని ఆగిపోతుందమ్మా," అన్నాడు మేనేజరు. "మొన్నటిదాకా మీరే నీళ్లు బాగున్నాయన్నారు కదా?"

అది నిజమే. ఆమె పెంకును బల్ల మీద ఇంకొంచెం ముందుకు జరిపింది. నన్ను మాట్లాడమని ఎవరూ అనలేదు. అయినా అవ్వ కుండ కళ్ల ముందు కదిలింది. "తోడొద్దని అనడం లేదు," అన్నాను. "మీకు అవతల పాత గుంత ఒకటి ఖాళీగా ఉంది. ముందు అందులో పోసి నిలవనివ్వండి. పిండి అడుగుకు పోతుంది. తేరిన నీళ్లు పైనుంచి వదలండి."

ఓనర్ గారిని అడిగి చెప్తానన్నాడు. రోజులు గడిచాయి, చెప్పలేదు.

క్వారీ టిప్పర్లు పెద్ద రోడ్డుకు పోయే బాట మా పొలం మూల నుంచే. ఊరి బండ్ల కోసం నాయిన విడిచిన బాట అది, ఎవరినీ ఏమీ అడగకుండా ఇచ్చింది. దాన్ని నేను మూయను. మా తాత చేసిన పని నేను చేయనని కాపరికి చెప్పాను. అతను తల గోక్కుని, "నువ్వెందుకు మూస్తవ్ పటేలా? బర్లకు బాటలేం ఎరుక?" అన్నాడు.

ఆ మర్నాడు పొద్దు పొడవక ముందే గట్టెక్కి చూస్తే బాట పొడుగునా అతని బర్రెలు పడుకుని ఉన్నాయి. రాయిపిండి ఎండి ఒళ్లంతా తెల్లగా, కొమ్ములు మాత్రం నల్లగా. వాటి ముందు టిప్పర్లు లైట్లు వేసుకుని వరసగా ఆగి ఉన్నాయి. దుమ్ములో ఆ వెలుగు పొగలా లేస్తోంది. ఆ పొగలో తెల్ల బర్రెలు తాపీగా నెమరు వేస్తున్నాయి. హారన్లు కూడా ఎక్కడో దూరాన మోగుతున్నట్టున్నాయి.

మేనేజరు జీపు దిగి పరుగెత్తుకొచ్చాడు. "ఇదేంది, లేపు వీటిని!"

"ఏడికి లేపాలె సారూ?" అన్నాడు కాపరి. "వాగుల పండుకుంటె నీళ్లు బాగలెవ్వంటున్రు. ఇంట్ల జాగ లేదు. మీ గుంత తేరినంక అండ్లనే పండవెడ్త."

పొద్దెక్కేదాకా అవి కదల్లేదు. జీపు మళ్లీ వచ్చింది, ఈసారి నా గట్టు దగ్గర ఆగింది. మేనేజరు దిగి, పైపులు పాత గుంతకు తిప్పుతున్నామని నాకు చెప్పాడు. "నాకు కాదు, ఆమెకు చెప్పండి," అన్నాను. దిగువ మడి దాకా నడిచి వెళ్లి చెప్పాడు.

పాత గుంత నిండేలోపు వాగు ఎండింది. మా చోట నుంచి ఆమె మడి దాకా గడ్డపారలతో ఆ పెంకు పగలగొట్టాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. వాగంతా పగలగొట్టలేం కదా. వంపు దాటాక వాగు ఇప్పటికీ తెల్లగానే ఉంది. తొలకరి వచ్చి మిగతా పని కొంత చేసింది. బావిలో కింది మెట్లు మునిగాయి, అన్నీ కాదు. వెంచరు మనిషి రావడం మాత్రం మానలేదు.

మళ్లీ ఎండలు వచ్చాక, నల్లా నీళ్లు వస్తున్నా సరే, ఆమె చెంబు పట్టుకుని గట్టు కిందికి వచ్చింది. నేనూ దిగాను. ఇసుక మెత్తగా తెగింది. మోకాలి లోతుకు పోయేసరికి గుంట అడుగు నల్లబడింది, తర్వాత మెరిసింది, తర్వాత ఊరింది. ఆమె చెంబు ముంచింది. నేను నాకు తెలియకుండానే నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాచాను.

ఆమె ఆ నీళ్లు ఇసుక మీద పారబోసింది.

"అయ్యో, అవి తొలి నీళ్లు గదా!" అన్నాను.

ఆమె నా చేతులకేసి చూసి నవ్వింది. "తొలియి బురద గద పటేలా. ఎవలు తాగుతరు? గవ్వే మీ ఇంటికి పంపేది. మా అమ్మ యాది జేసుకోని యాది జేసుకోని నవ్వేది."

చిల్లగింజ, గుడ్డ కప్పిన కుండ, మధ్యాహ్నం దాకా ఎవరినీ ముట్టనివ్వని అవ్వ, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. అవ్వకు తెలియకుండా ఉంటుందా? తెలిసే లేచి వెళ్లి రెండు చేతులతో అందుకుందా? అడగడానికి అవ్వ లేదు. నాకు నవ్వు వచ్చింది. చాలాసేపు ఆగలేదు.

రెండో చెంబు కూడా పారబోసింది. మూడోది ముంచబోయి ఆగి, "ఉండు, ఇంకా తేరలే," అంది.

ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. గుంటలో ఇసుక రేణువులు తిరిగి తిరిగి అడుగుకు చేరుతున్నాయి. నీళ్లలో ఆకాశం కొంచెం కొంచెంగా తేటబడింది. దుండిగల్ విమానం ఒకటి, చీమంత, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు మెల్లగా దాటింది.

"ఇగ తాగు," అంది ఆమె.