దుప్పటంత పత్రిక, గజం కర్ర

ఆ రోజుల్లో పాత కాగితానికి ఉన్న మర్యాద ఇప్పుడు పట్టుచీరకు కూడా లేదు. చిక్కపేటలో మా మామగారిది చీరల అంగడి. అమ్మిన ప్రతి చీరనూ పాత కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్ళం. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆ కాగితాల పెత్తనం నా చేతికొచ్చింది. (మూడో తరగతి చదువుకు అంతకంటే పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?) "కాగితం తక్కువైతే మళ్ళా వంటింట్లోకే పోవల్ల, చూసుకో" అని మా అత్త ముందే చెప్పింది. అంగడిలో కూర్చోవడమంటే నాకు ప్రాణం.

కాగితాలు మా వీధి చర్చిలో ఉండే గడ్డం ఫాదరు ఇచ్చేవాడు. ఇటలీ మనిషి, మా తెలుగును బజారులోనే నేర్చుకున్నాడు. వాళ్ళ దేశం నుంచి వచ్చే వారపత్రిక చదివేసి, కట్టలు కట్టి మాకు పంపేవాడు. దాని పుట ఒక్కటి విప్పితే చీర మొత్తం దాగిపోయేది. అలాంటిది ఒకసారి కట్ట విప్పితే పుటలన్నీ సగానికి సగం! గజం కర్రతో రెండుసార్లు కొలిచాను. సందేహం లేదు, ఎవరో కోసేశారు. కర్ర పట్టుకునే చర్చికి నడిచాను.

"ఏమప్పా ఫాదరూ, పెద్దమనిషివని నమ్మితే కత్తెరేస్తావా? చూడు, ఎంత పొట్టిగా ఉండాదో!"

ఆయన కర్రను చూశాడు, నన్ను చూశాడు, గడ్డం అదిరేలా నవ్వాడు. "నేను కోయలేదమ్మా. అచ్చేసేవాళ్ళే చిన్నది చేసినారు. పెద్దగా ఉన్నప్పుడు మావాళ్ళు దాన్ని దుప్పటి అనేవాళ్ళు."

నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. వాళ్ళ రాజధానిలో పెద్దలు భూములు మింగుతుంటే బయటపెట్టింది ఆ దుప్పటేనట. సైన్యంలో పెద్దవాళ్ళ పన్నాగాన్నీ అచ్చేసిందట. రాసినవాళ్ళను కోర్టుకు ఈడ్చినా ఆగలేదట.

"ఇంత చిన్నదైపోతే ఇంకెవరు భయపడతారప్పా?" అన్నాను.

"నువ్వూ పొట్టిదానివే కదమ్మా, నేను భయపడలేదా?" అన్నాడు.

మంత్రులను వణికించిన కాగితాన్ని నేను చీరలకు చుట్టి ఊరంతా పంచిపెట్టానా! ఆయన అటక మీది నుంచి పాత దుప్పటి కట్ట ఒకటి తీసిచ్చాడు. అది అయిపోయేలోగా చిన్న పుటలు రెండేసి మైదా పిండితో అతికించడం నేర్చుకున్నాను. అంగడిలో నా చోటు నిలిచింది. (అత్తకు కర్ర సంగతి చెప్పలేదు.)

మొన్న యలహంకలో మనవరాలు ఫోనులో ఆ పత్రికను వెతికి చూపించింది. "ఇంకా వస్తా ఉండాది అవ్వా!" నాకు తెలియకుండానే నా చెయ్యి జాన పెట్టి కొలిచింది. జానెడు కూడా లేదు. పిల్ల పడీపడీ నవ్వింది.

ఆనాడు ఫాదరు తీసిచ్చిన దుప్పటి కట్టలో ఒక పుట నేను అంగడికివ్వలేదు. నా పెళ్ళిచీర దాంట్లోనే ఉంది. ఏడాదికోసారి విప్పుతాను. చీరకు గాలి తగలడానికని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నేను చీరను పక్కన పెట్టి, చదవను రాని ఆ అక్షరాలను కాసేపు చేత్తో నిమిరి, మళ్ళీ అవే మడతల్లో పెడతాను.