టేపులో వదిలేసిన మాట

సారు పోయి ఐదు నెలలైంది. అంతకుముందు ఏళ్ల తరబడి, మధ్యాహ్నం గిన్నెలు సర్దగానే ఆయన భార్య టేపురికార్డరు ముందు కూర్చునేది. ఇప్పుడు దానిమీద గుడ్డ కప్పి ఉంటోంది.

సారు కాలేజీలో సామాజికశాస్త్రం చెప్పేవాడు. ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఉన్న తేడాల మీద పత్రికలకు రాసేవాడు. విద్యార్థులు వీధివీధీ తిరిగి పనివాళ్ల మాటలు టేపుల్లో పట్టుకొస్తే, ఏడో తరగతితో చదువాగిపోయిన భార్య విని కాగితం మీద పెట్టేది. "నీవి అక్షరాలు కావే, ఏనుగుల మంద" అని ఏడిపించేవాడు. కానీ ఆ కాగితాలనే కళ్లు మూసుకుని నమ్మేవాడు.

ఒకరోజు టేపులో తెలిసిన గొంతు వినిపించింది. వాళ్లింటి పనామెదే. రోజూ బాత్రూం తానే కడుగుతుందట. కడగ్గానే అమ్మగారు తాళం వేస్తారట. ఇంటికెళ్లేదాకా ఉగ్గబట్టుకోవాలట. సారుగారి భార్యకు చెవులు వేడెక్కాయి. ఆయన కాలేజీకి వెళ్లాకే పడే తాళం అది. మిగతాదంతా రాసి, ఆ ముక్క మింగేసింది.

ఆ కాగితాలతో సారు వేసిన పుస్తకానికి పేరొచ్చింది. ఒక సభలో ఎవరో లేచి, పనివాళ్ల మరుగుదొడ్డి ఇబ్బంది గురించి ఒక్క మాటా లేదేమని అడిగారు.

"మాతో ఎవరూ అనలేదండీ" అన్నాడు సారు, నిండు నమ్మకంతో.

ముందు వరుసలో భార్య తల వంచుకుంది. చెప్పాలనుకుంది. రేపు, ఎల్లుండి అనుకుంటూనే పదకొండేళ్లు నెట్టుకొచ్చింది. తాళం వేయడమూ మానలేదు. చివరికి వినాల్సిన మనిషే లేకుండా పోయాడు.

నిన్న ప్రచురణకర్త కొత్త ముద్రణకు ప్రూఫులు పంపి, దిద్దుబాట్లుంటే చెప్పమన్నాడు. పొద్దున పనామె రాగానే సారుగారి భార్య జరిగిందంతా చెప్పేసింది. పనామె చీపురు ఆపలేదు.

"ఆ పుస్తకం మా అమ్మాయి చదివి వినిపించిందమ్మగారూ. నా మాట లేదని అప్పుడే తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే పని పోదూ?"

ఇప్పుడు రాయనా అంటే, పనామె చీపురు ఆపింది.

"నా పేరొద్దు. ఏ ఇల్లో మాత్రం రాయండి."

ఏ ఇల్లో అంటే సారు ఇల్లే. ఆయనకు తెలియకుండానే ఆయన నోట అబద్ధం పలికించింది చాలక, పోయాక పరువూ తీయాలి. ప్రూఫు అంచున ఏనుగులు ఒక్కొక్కటే కదిలాయి. ముందు పనామె మాట, దాని కింద: "ఇది మా ఇంటి సంగతే. ఆయనకు తెలియదు. దాచింది నేను."

పనామె బాత్రూం కడిగి బయటికొచ్చి, తాళం వేసుకుంటారని ఎప్పటిలాగే పక్కకు తప్పుకుని నిలబడింది. తాళం గూట్లోనే ఉంది. సారుగారి భార్య కుర్చీలోంచి లేవలేదు.