రాజన్న కట్టిన డబ్బాలో నా పిస్తోలు

విమానాశ్రయంలో తప్పించుకునే దారి అధికారే చూపిస్తే, అక్కర్లేదని తిప్పికొట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. ఆ మనిషి నేనే. అప్పటి నన్ను తలుచుకుంటే ఈరోజుకీ నవ్వుకంటే ముందు కోపమే వస్తుంది.

అప్పుడు సౌదీలోని ఉనైజాలో ఒక ఖర్జూరపు తోటలో పంపులు బాగుచేసేవాణ్ణి. పని అయ్యాక మిగతావాళ్లు పేకాడేవారు, నేను పుస్తకాలు చదివేవాణ్ణి. అంతటితో ఆగితే బాగుండేది. ఫోన్‌లో ఎవడో ముక్కా ముక్కా కూర్చి పిస్తోలు చేస్తుంటే చూసి, నేనూ మొదలుపెట్టాను. పారేసిన పైపు ముక్క, పాత తలుపు గడియలోని స్ప్రింగు, ఖర్జూరపు మట్ట మొదలు చెక్కి చేసిన పిడి. గుండు లేదు, మందు లేదు. మీట నొక్కితే టక్కుమనడం తప్ప దానికి ఇంకో విద్య రాదు. అయినా నల్లరంగు వేసి రుద్ది, మళ్లీ వేసి మళ్లీ రుద్దాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నా కాకిపిల్లకు నలుపు కూడా నేనే పూసుకున్నాను.

నా గదిలో ఇంకో ఇద్దరుండేవారు. ఒకరు రాజన్న, మెట్‌పల్లి వైపు మేస్త్రీ, వయసులో మాకు పెద్ద. ఇంకొకరు ఖాజా భాయ్, కడప నుంచి వచ్చిన డ్రైవర్.

"బొమ్మ మంచిగున్నదిరా నర్సిగా," అన్నాడు రాజన్న.

"బొమ్మ కాదన్నా, పిస్తోలు."

"పేలుతదా?"

"పేలది."

"మరి బొమ్మే గదరా!"

"నువ్వు మన ఫోర్‌మన్ మీద ఎన్నడన్న పేలినవా? మరి నువ్వు గూడ బొమ్మవేనా?"

ఖాజా మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అంత పంతానికి కారణం మా బామ్మర్ది. "బావా, గల్ఫుల పైపులు బిగించుడు తప్ప నీకింకేమొస్తది?" అని ఒకసారి ఫోన్‌లో అన్నాడు. ఆ దసరాకు నాకు సెలవు దొరికింది. ఆయుధపూజలో సుత్తి, పానాల పక్కన నా పిస్తోలు పెట్టి, కుంకుమ బొట్టు దిద్ది, వాడి నోరు మూయించాలనేది నా పథకం. నేను గల్ఫుకు వెళ్లాక పుట్టిన కూతుర్ని మొదటిసారి ఎత్తుకోబోతున్నానన్న సంగతి మనసులో రెండో వరసకు జరిగింది. ఇలాంటి తండ్రిని ఏమనాలో మీరే అనుకోండి. నాకు తోచినవి అచ్చులో పడవు.

"దాన్ని ఈడ్నే వెట్టిపోరా," అన్నాడు రాజన్న. "ఎయిర్‌పోర్టుల పట్టుకున్నరంటే బిడ్డ మొఖం గూడ సూడవు."

"నీకు కళ తెల్వదన్నా."

"కళ నాకెందుకు? నువ్వు ఇల్లు జేరుడు గావాలె."

మా క్యాంపులో ఊరికి పోయేవాడు తన డబ్బా తాను కట్టుకోకూడదు. గదివాళ్లే సామాను సర్ది, టేపు చుట్టి, తాడు బిగించి, పేరూ ఊరూ పెద్దక్షరాలతో రాస్తారు. సొంతంగా కట్టుకున్నవాడి ప్రయాణం ఆగిపోతుందని నమ్మకం. చదువుకున్నవాణ్ణి గనుక నేను నమ్మను. తాడు బిగించడం చేతకాదు గనుక గౌరవిస్తాను. క్షవరానికి వెళ్లి వచ్చేసరికి డబ్బా సిద్ధంగా ఉంది.

"పిస్తోలు వెట్టినవా అన్నా?"

"వెట్టిన. బిడ్డ గౌనుల సుట్టి పదిలంగ వెట్టిన."

ఖాజా నన్ను తన కారులో రియాద్ విమానాశ్రయానికి తెచ్చాడు. డబ్బా తనిఖీ యంత్రంలోకి పోయింది. తెర మీద పిస్తోలు కనబడింది. నాకు భయం వెయ్యలేదు. ఆ ఆకారం ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను.

అధికారి కుర్రాడు, మర్యాదస్తుడు. తెరవైపు చూసి, నావైపు చూసి, "బొమ్మా?" అని అరబ్బీలో అడిగాడు. ఆ మాట నాకు బాగా తెలుసు. అవతల నిలబడ్డ ఖాజా, అవునని చెప్పమంటూ మెడ విరిగేలా తల ఊపుతున్నాడు.

"కాదు," అన్నాను. "అస్లీ. నేనే చేశాను."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే జైలు కూడు వడ్డించుకున్నాను.

కుర్రాడి ముఖం మారింది. ఇంకో ఇద్దరు వచ్చారు. నా పాస్‌పోర్టు వాళ్ల చేతిలోకి పోయింది.

"ఎవరి కోసం చేశావు?"

"మా బామ్మర్ది కోసం."

ఖాజా పరిగెత్తుకొచ్చాడు. "నర్సన్నా, బొమ్మని చెప్పబ్బా! నీ సొమ్మేం పోతాది?"

"ఎన్ని నెలల కష్టమో నీకెరుక లేదా భాయ్?"

"ఆ నెలలకి ఈళ్లు ఏండ్లు కలుపుతారు! బిడ్డని ఇంక పెండ్లిలోనే చూస్తావు!"

బిడ్డ మాట వినగానే కళ సంగతి మరిచిపోయాను. అప్పుడన్నాను "బొమ్మ" అని. మూడుసార్లు అన్నాను. నమ్మేవాడేడి?

తాడు కోశారు. గౌను విప్పారు. పైనుంచి కిందిదాకా గులాబీ రంగు! దాని మీద తెల్ల పూలు! యంత్రం తెరకు ఆకారం తెలుస్తుంది గానీ ఈ ద్రోహం ఎలా తెలుస్తుంది? గొట్టం రెండు కొసలూ పైపులకు వాడే గమ్ముతో మూసేసి ఉన్నాయి. కుర్రాడు జాగ్రత్తగా పైకెత్తి ఊపాడు. గలగలమంది. లోపల ఖర్జూరం గింజలు.

"ఇదేనా అస్లీ?" అన్నాడు.

ముగ్గురూ నవ్వారు. వెనక వరస నవ్వింది. ఖాజా కళ్లు తుడుచుకున్నాడు. నేనొక్కణ్ణే అరిచాను, "ఎవడేసిండు ఈ రంగు?" అని. కుర్రాడు ఇంకోసారి ఊపి చూసుకుని, డబ్బాకు తనే టేపు వేసి, పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు. "నీ కూతురికి నా సలాం చెప్పు."

ఇంటికొచ్చాను. నన్ను చూసి ఏడ్చిన నా బిడ్డ, పిస్తోలు చూసి చేతులు చాపింది. పిడి నోట్లో పెట్టుకుంది. అటు దసరా పూజ జరుగుతుంటే ఇటు నా ఆయుధం చొంగలో నానింది. బామ్మర్ది తేరిపార చూసి అన్నాడు.

"గిలక్కాయ మస్తున్నది బావా! ఏ దుకాణంల కొన్నవ్?"

రాజన్నకు ఫోన్ చేసి కడిగేశాను. "ఎవరినడిగి ఏసినవన్నా రంగు?"

"బొమ్మ అనుమంటే నువ్వు సచ్చినా అనవు గదరా. అందుకే దానితోనే అనిపిచ్చిన."

రాజన్న ఇప్పుడు లేడు. ఉంటే ఈ కథ ఆయనే చెప్పేవాడు, నన్ను ఇంకో రెండింతలు వెధవను చేసి. గిలక్కాయ మాత్రం ఉంది. రంగు సగం పోయింది, చప్పుడు పోలేదు. దాని మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పిస్తోలు జోలికి పోను. యూనిఫాం వేసుకున్నవాడు దేన్ని చూపించి "బొమ్మా?" అని అడిగినా అవునంటాను. నన్నే చూపించి అడిగినా సరే.