లాగిన్ కాని అకౌంట్ నుంచి వెళ్లిన మెయిల్

ఈ సంగతి ఇప్పటిదాకా ఒక్కరూ చివరిదాకా వినలేదు. మెయిల్ కంపెనీకి ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే జవాబు కావాలంటున్నాను.

అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పని చేసేవాడిని. పరీక్షకు ముందురోజు విద్యార్థులందరికీ దానంతటదే మెయిల్ వెళ్లేలా ప్రోగ్రాం రాసింది నేనే. ఒకరోజు అది ఆగిపోయింది. భద్రత కోసమని, మెయిల్ కంపెనీవాళ్లు ప్రోగ్రాములను మామూలు పాస్‌వర్డ్‌తో ఇక అకౌంట్ లోపలికి రానివ్వరట. వేరే పాస్‌వర్డ్ తీసుకోవాలి. దానికి సెంటర్ నడిపే సారు ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి.

"ఓటీపీ ఎవ్వలికి చెప్పొద్దని టీవీల రోజూ మొత్తుకుంటున్నరు. నీకెట్ల చెప్త?" అన్నాడు సారు.

"నేను దొంగనా సార్?"

"దొంగ నేను దొంగనని చెప్తడా ఏంది?"

స్టాఫ్ అంతా నవ్వారు. ఆ నవ్వు నేను మరచిపోలేదు.

పాత పాస్‌వర్డ్‌తోనే తంటాలు పడ్డాను. ప్రతిసారీ లాగిన్ కుదరదనే వచ్చింది. విసిగిపోయి కంప్యూటర్ ఆపేసి, చాయ్ తాగడానికి నారాయణగూడ వెళ్లాను.

చాయ్ చేతిలో ఉండగానే విద్యార్థులందరితో పాటు నాకూ మెయిల్ వచ్చింది. సెంటర్ అకౌంట్ నుంచే. "రేపు పరీక్ష లేదు. పై హాల్లోకి ఎవరూ రావద్దు." ఆ మాటలు నా ప్రోగ్రాంలో ఎక్కడా లేవు.

తిరిగి వెళ్లేసరికి సారు మండిపడుతున్నాడు. "ఓటీపీ ఇయ్యలేదని కక్ష తీర్చుకుంటవా?"

ఆయన ఫోన్‌లోనే లాగిన్ వివరాలు తీసి చూపించాను. నా ప్రయత్నాలన్నీ తిరస్కరించినట్టే ఉన్నాయి. ఆయన ఫోన్ తప్ప ఇంకేదీ లోపలికి వెళ్లలేదు.

"అయితే నేను పంపిన్నా? క్లాసు చెప్తుండగ, ఫోన్ టేబుల్ మీద ఉండగ? పోరగాళ్లందరు చూసిన్రు. నడువ్ బయటికి!"

అలా ఉద్యోగం పోయింది.

మెయిల్ చూసి మర్నాడు పరీక్షకు ఎవరూ రాలేదు. సరిగ్గా పరీక్ష జరగాల్సిన వేళకే, పరీక్షలు పెట్టే పై హాలు సీలింగ్ పెచ్చులు ఊడి బెంచీల మీద పడ్డాయి. తర్వాత చిక్కడపల్లిలో ఒక విద్యార్థిని ఎదురైంది.

"అన్నా, సారుకు సీలింగ్ మీద ముందే అనుమానమొచ్చి సెలవిచ్చిండంట. ఆ మెయిల్ నేనే పంపిన అని అందరికి చెప్తున్నడు."

ఒళ్లు మండిపోయింది. ఆ మెయిల్ ఎలా వెళ్లిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

సార్, మీరే పంపి ఉంటే నన్నెందుకు వెళ్లగొట్టారు? మీరు పంపకపోతే ఎవరు పంపారు? రెండింట్లో ఒక్కదానికైనా జవాబు చెప్పండి.