తంగేడు పువ్వుకు పారాణి

ఆ రోజుల్లో నాకు రెండే పనులు బాగా వచ్చు: పూలూ ఆకులూ నీటిరంగుల్లో వేయడం, ఎదుటివాళ్లతో వాదించడం. పేరు మాత్రం రెండోదానికే వచ్చింది. కడపలో డిగ్రీ చదువుతుండగా మా కాలేజీలో పూల చిత్రాల పోటీ పెట్టారు. ఫస్టు వచ్చినవాళ్లను తిరుపతిలో జరిగే పెద్ద పోటీకి పంపుతారు. (అప్పటికి నేను ఒంటరిగా వేంపల్లెకు కూడా బస్సెక్కి ఎరగను. తిరుపతంటే నాకు విదేశమే.) అందరూ గులాబీలు వేస్తుంటే, మన గుట్టల మీద పూసేదాన్ని వదిలి ఆ పువ్వు మనకెందుకని నేను తంగేడు గుత్తి ఎంచుకున్నాను. తీరా చూస్తే పెట్టెలో పసుపురంగు బిళ్ల అరిగిపోయింది. వంటింట్లో పసుపుండగా దిగులెందుకు? తుమ్మబంకలో పసుపు కలిపి పూలు వేసి, కింద నిజం తంగేడాకులు ఎండబెట్టి అతికించాను. "ఏమే, ఇది బొమ్మనా, తాలింపా?" అంది మా జేజి, అంటే నాయనమ్మ. "మిక్స్‌డ్ మీడియా" అన్నాను గొప్పగా.

పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చిన డ్రాయింగ్ మాస్టారు తాంబూలప్రియుడు. బొమ్మల ముందు నడుస్తూనే ఆకుకు వేలితో సున్నం రాసుకుంటున్నాడు. నా బొమ్మ దగ్గర ఆగి, "బాగుండాదమ్మా. కానీ ఈ రెక్కకు నీడ యాడ?" అంటూ ఆ వేలే ఆనించాడు. అంతే, వేలు పడిన మేరకు పసుపంతా ఎర్రబడింది. ఆయన కంగారుగా తుడవబోతే పక్క పూలూ ఎర్రబడ్డాయి. (చుట్టూ ఉన్నది ఇళ్లలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసే ఆడపిల్లలే, ఎవరికీ వివరించే పని లేకపోయింది.)

"సార్, నా తంగేడును మోదుగ చేసినారే!" అన్నాను. హాలంతా నవ్వింది. పాపం ఆయన చేతులు వెనక్కి దాచుకుని, "తప్పు నాదే తల్లీ. నీకే ఫస్టు రాస్తాలే" అన్నాడు గొంతు తగ్గించి.

అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "బొమ్మకిస్తాండారా, మీ తప్పుకిస్తాండారా? జాలిపడి ఇచ్చే ఫస్టు నాకొద్దు సార్."

"బొమ్మకే ఇస్తాండాలేమ్మా."

"మరి నీడ లేదంటిరే?"

గంట మోగేదాకా వదల్లేదు. చివరికాయన నుదురు తుడుచుకుని (సున్నం అక్కడా అంటింది), పక్కనున్న గులాబీకి ఫస్టు రాసేసి గబగబా వెళ్లిపోయాడు.

"నోరు మూసుకోని ఉండింటే తిరుపతికి పోతాంటివి గదే!" అని నా స్నేహితురాలు నెత్తి కొట్టుకుంది.

"వాదనలో గెలిచిందెవరు? అది చెప్పు ముందు" అన్నాను.

ఇప్పుడు ఖరీదైన ట్యూబు రంగులున్నాయి, మంచి కాగితముంది, తీరిక కూడా ఉంది. బొమ్మ వేసి ఇంట్లోవాళ్లకు చూపిస్తే, "శానా బాగుండాది" అని మళ్లీ ఫోన్లలోకి తల దించేస్తారు. ఒక్కరూ వంక పెట్టరు. నా నోరు మాత్రం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది, పిచ్చిది.