మధ్యాహ్నం పంపు ఆగిన వేసవి

1988 ఏప్రిల్‌లో నన్ను ఖరగ్‌పూర్‌లోని ఒక స్థానిక పాలక సంస్థలో, నీటి సరఫరా విభాగానికి హెడ్‌క్లర్కుగా వేశారు. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. మూడో వారంలోనే ఇంకో పని నా నెత్తిన పడింది: సలహాల కమిటీకి కార్యదర్శి. ఖర్చు తగ్గించే ఆలోచన చెప్పిన ఉద్యోగికి నగదు బహుమతి, ప్రశంసాపత్రం ఇచ్చే పథకం అది. ప్యూను నుంచి ఓవర్సీరు దాకా ఎవరైనా చెప్పవచ్చు. ఇంజనీర్లకు మాత్రం అర్హత లేదు. ఆలోచించడం వాళ్ళ ఉద్యోగంలోనే ఉందని నిబంధన రాసినవారి ఉద్దేశం కాబోలు.

ఫారంలో పేరు, హోదా, సలహా రాయాలి. నెల రోజులు ప్రయోగం చేసి చూస్తారు. దాని మీద కార్యదర్శి ‘లాభ వివరణ’ అనే నోటు తయారు చేస్తాడు. ఏం ఆదా అయింది, ఎక్కడ ఆదా అయింది అన్నది అందులో ఉంటుంది. కమిటీ ఆ నోటు చూసే బహుమతి నిర్ణయిస్తుంది. పేరు లేని సలహా చెల్లదు.

నేను తీసుకున్న మొదటి ఫారం యోహానుది. అతను వాల్వుమన్, అంటే పేటలకు వేళ ప్రకారం నీళ్ళు వదిలి కట్టే మనిషి. తాతల నాడు టెక్కలి వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు చదవగలడు, రాయడం తక్కువ. ఒకరోజు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“రెండు పేటలకీ ఒక్కపాలే ఇప్పుతున్నామండి. సివరిళ్ళకి సన్నగా వత్తాది. ఆళ్ళకి నిండేసరికి ముందిళ్ళోళ్ళ కుళాయిలు ఊరికే కారిపోతాయి. ఒకదానెనక ఒకటి ఇప్పితే పేటకో గంట సాలండి. నేను రెండు రోజులు సేసి సూసినాను.”

అడక్కుండా ఎందుకు చేశావని నేను అడగలేదు. అతను చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, సంతకం చేయించుకున్నాను. ఇంజనీరుగారు నెల రోజుల ప్రయోగానికి ఒప్పుకున్నారు. మే నెల ఎండల్లో కూడా చివరి ఇళ్ళకు బిందెలు నిండాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు సాయంత్రానికి కూడా సగానికి దిగలేదు. దాన్ని నింపడానికి మధ్యాహ్నం నడిపే రెండో పంపు అవసరమే లేకపోయింది.

లాభ వివరణ రాయడానికి కూర్చున్నాను. కరెంటు ఆదా చిన్నదిగా కనిపించింది. కమిటీ దృష్టిలో పడాలంటే ఇంకా బలమైనది కావాలి. మధ్యాహ్నం పంపు ఆపరేటర్లకు ఇచ్చే ఓవర్‌టైం గుర్తొచ్చింది. ‘ప్రధాన లాభం: రెండో పంపు ఆపరేటర్ల ఓవర్‌టైం పూర్తిగా నివారించబడును’ అని రాశాను. మంచి వాక్యం రాశానని అనుకున్నాను కూడా.

మధ్యాహ్నం పంపు ఆపి, ఓవర్‌టైం రద్దు చేస్తూ వారంలో ఆర్డరు వచ్చింది. నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో నా వాక్యమే, పైన ‘శ్రీ యోహాను సలహా మేరకు’ అన్న మాటలతో.

రెండో పంపు ఆపరేటర్లలో ఒకడు నితాయి. యోహానూ అతనూ పద్నాలుగేళ్ళుగా ఒకే షెడ్డులో పొద్దున టీ తాగేవాళ్ళు. ఊళ్ళోనే తాల్‌బగీచా పేటలో నితాయి ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచాయి, పైకప్పు ఓవర్‌టైం మీద ఆధారపడి ఉంది. ఆర్డరు వచ్చిన మర్నాటి నుంచి షెడ్డులో యోహానుతో ఎవరూ మాట్లాడలేదు.

పదిరోజుల తరువాత యోహాను నా దగ్గరికి వచ్చాడు. “బాబూ, ఆ కాయితంలోంచి నా పేరు తీసెయ్యండి.”

పేరు తీసేస్తే సలహా చెల్లదని, బహుమతి రాదని చెప్పాను.

“బహుమతొద్దండి. నీళ్ళు అలాగే ఇప్పుతాను, అది మానను. కానీ ఓవర్‌టైం గురించి నేనేటి సెప్పినానండి? నేను నీళ్ళ గురించే కదా సెప్పినాను.”

అతను గొంతు పెంచలేదు. నేను ఫైలు తెరిచి అతని ఫారం చూశాను. ఓవర్‌టైం అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఆ మాట నాది.

మర్నాడు పొద్దున షిఫ్టు మారే వేళ షెడ్డుకు వెళ్ళాను. హెడ్‌క్లర్కు షెడ్డుకు రావడం అక్కడ అలవాటు లేదు. నితాయి లేచి నిలబడ్డాడు. యోహాను ఫారం అందరికీ చదివి వినిపించి, హిందీలో అర్థం చెప్పాను. తరువాత నా నోటు చదివి, ఈ వాక్యం నేను రాసినదని చెప్పాను.

“ఠీక్ హై బాబు,” అన్నాడు నితాయి. ఇన్నేళ్ళు యోహాను పక్కన పనిచేసి అతనికి తెలుగు కొంత వచ్చింది. “ఆడు మంచిదే సెప్పినాడు. కానీ మీరు రాసే ముందు నన్ను ఒక్క మాట అడగలేదు.”

రెండు కాగితాలూ మడిచి ఫైల్లో పెట్టుకున్నాను.

ఆఫీసుకు తిరిగి వచ్చి రెండు పనులు చేశాను. లాభ వివరణను సవరించి, ఆదా అయిన నీళ్ళను ప్రధాన లాభంగా చూపించాను. దానికి బహుమతి తగ్గింది. ఎందుకు తగ్గిందో యోహానుకు చెప్పాను, తల ఊపాడు. రెండోది, పైపుల లీకులు సరిచేసే గ్యాంగులో మనుషులు చాలడం లేదు కాబట్టి, నితాయిని భత్యంతో అక్కడికి మార్చమని నోటు పెట్టాను. ఇంజనీరుగారు రెండు నెలలు తిప్పించి సంతకం చేశారు. ఆ భత్యం పాత ఓవర్‌టైంలో సగం కూడా కాదు. నితాయి ఇంటికి రెండేళ్ళపాటు రేకులే ఉన్నాయి.

బహుమతి ఇచ్చిన రోజు యోహాను ఇస్త్రీ చొక్కాతో వచ్చి, పత్రం తీసుకుని, డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు. నితాయి రాలేదు. కొన్నాళ్ళకు ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారని విన్నాను. కలిసి టీ తాగడం మాత్రం నేను చూడలేదు. పంపు షెడ్డు నుంచి తరువాతి ఏడాదిన్నర ఒక్క సలహా రాలేదు.

ఫారంలో ఒక గడి చేర్చమని పైకి రాశాను: ఈ మార్పు వల్ల ఎవరి పని, ఎవరి ఆదాయం తగ్గుతుంది, వారితో మాట్లాడారా? ఫారం నమూనా మార్చే అధికారం మాకు లేదని జవాబు వచ్చింది. రిటైరయ్యేదాకా ఆ ప్రశ్నను విడి కాగితం మీద టైపు చేయించి ప్రతి ఫైలుకూ గుచ్చాను. దానివల్ల కొన్ని సలహాలు ఆలస్యమయ్యాయి, రెండు ఆగిపోయాయి.

ఆఫీసులో ఆదా అన్నది ఎవరో ఒకరి చేతిలోంచి వస్తుంది. ఆ మనిషితో మొదట మాట్లాడవలసినవాడు సలహా చెప్పినవాడు కాదు, ఫైలు నడిపేవాడు. నేను ఆ పని చేయలేదు. దాని భారం యోహాను మోశాడు.